మార్ఫిన్ వాడుతున్న పేషెంటుకు కుదుపులు, గోడ మీద చీమలు కనబడటం: డోసు పెంచాలా, తగ్గించాలా?

హోంకేర్ సిస్టర్
గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 56 ఏళ్లు, 41 కిలోలు. మార్ఫిన్ 20 మి.గ్రా. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6కి, రాత్రి 10కి రెట్టింపు. అంటే రోజుకు 120. నరాల నొప్పికి ప్రీగాబాలిన్ 75 మి.గ్రా. రెండు పూటలా, అమిట్రిప్టిలిన్ 25 రాత్రికి. నాలుగు రోజుల కిందటే 15 నుంచి 20కి పెంచారు. నిన్నటి నుంచి కాళ్లూ చేతులూ ఉన్నట్టుండి ఎగిరిపడుతున్నాయి, గోడ మీద చీమలు పాకుతున్నాయంటోంది, దుప్పటి తగిలినా మూలుగుతోంది. ఇంట్లోవాళ్లు నొప్పి పెరిగిందని ఇంకో మాత్ర అడుగుతున్నారు. శ్వాస నిమిషానికి 14, కనుపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. మార్ఫిన్‌కు విరుగుడైన నలోక్సోన్ ఇవ్వాలా?

పాలియేటివ్ డాక్టర్
ఇంకో మాత్ర వద్దు సిస్టర్, నలోక్సోన్ కూడా వద్దు. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే ఓపియాయిడ్ న్యూరోటాక్సిసిటీ, అంటే మార్ఫిన్ కోవ మందులు (ఓపియాయిడ్లు) నరాల మీద విషంలా పనిచేయడం. కుదుపులు, లేనివి కనబడటం, తాకితేనే నొప్పి, ఈ మూడూ ఒకేసారి వస్తే డోసు పెంచిన కొద్దీ నొప్పీ పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు అక్కడే పొరబడతారు, కొన్నిసార్లు మనమూ పొరబడతాం.

కాలేయంలో మార్ఫిన్ ఎం3జీ, ఎం6జీ అనే పదార్థాలుగా మారుతుంది. రెండూ మూత్రంలో పోవాల్సినవే. ఎం6జీ నొప్పి తగ్గిస్తుంది, మత్తు తెస్తుంది. ఎం3జీ నొప్పి తగ్గించదు, నరాలను రెచ్చగొడుతుంది. అది ఓపియాయిడ్ రిసెప్టర్ (మార్ఫిన్ అతుక్కుని పనిచేసే చోటు) ద్వారా పనిచేసేది కాదు కాబట్టి నలోక్సోన్‌తో కుదుపులు ఆగవు, ఉన్న నొప్పి ఉపశమనం మాత్రం పోతుంది. శ్వాస 8 కంటే తగ్గి, పిలిచినా లేవకపోతేనే దాని పని. అప్పుడు కూడా 0.4 మి.గ్రా. ఆంప్యూల్‌ను 10 మి.లీ. సెలైన్‌లో కలిపి, 1 మి.లీ. చొప్పున రెండేసి నిమిషాలకు, శ్వాస మెరుగుపడేదాకా మాత్రమే. కనుపాపలు చిన్నవవడం మార్ఫిన్ వాడే ఎవరికైనా ఉండేదే, దాన్నిబట్టి ఏదీ తేల్చకండి.

ఈ క్యాన్సర్‌లో మూత్రనాళాలు మూసుకుపోవడం మామూలే. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), సోడియం, కాల్షియం, షుగర్ ఈరోజే చూడండి. జ్వరం ఉందా, మూత్రం ఎంత వస్తోంది, విరేచనం ఎప్పుడైంది కూడా రాయండి.

హోంకేర్ సిస్టర్
క్రియాటినిన్ 3.1. సోడియం, కాల్షియం, షుగర్ సరిగానే ఉన్నాయి. జ్వరం లేదు. మూత్రం నిన్న పగలంతా కలిపి ఒక గ్లాసుకు మించలేదు.

క్లినికల్ ఫార్మసిస్ట్
ఆ వయసుకు, ఆ బరువుకు, 3.1కి లెక్కేస్తే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందన్న లెక్క) 13 మి.లీ. దగ్గర వస్తుంది. దోషం మార్ఫిన్‌ది ఒక్కదానిదే కాదు. ప్రీగాబాలిన్ కూడా కిడ్నీ ద్వారానే పోతుంది, అదీ కుదుపులు తెస్తుంది. 15 లోపు క్లియరెన్స్‌కు రోజుకు ఒకే పూట 75 అన్నది గరిష్ఠం. ఆమె వాడే మోతాదుకు సరితూగేది 25. అమిట్రిప్టిలిన్ మతిభ్రమను పెంచుతుంది, ఆపేయమని డాక్టరును అడగండి. ట్రమడాల్ అనే నొప్పి మందుకు మారుద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఫిట్స్ భయం ఉంది. పెథిడిన్ అంతకంటే చెడ్డది.

పాలియేటివ్ డాక్టర్
ఇలాంటి కిడ్నీకి ఫెంటానిల్ అనే మరో ఓపియాయిడ్ మేలు. నోటి మార్ఫిన్ 120కి సమానం గంటకు 50 మైక్రోగ్రాములు వదిలే, చర్మానికి అతికించే ఫెంటానిల్ ప్యాచ్. కానీ ఒక ఓపియాయిడ్‌కు అలవాటైన ఒళ్లు కొత్తదానికి అంతే అలవాటై ఉండదు, పైగా ఇప్పటికే టాక్సిసిటీ. అందుకే సగం చేసి 25తో మొదలుపెడతాం. మామూలుగా ప్యాచ్ వేశాక 12 గంటలు మార్ఫిన్ కొనసాగిస్తాం. ఇక్కడ వద్దు, ఒంట్లో పేరుకున్నదే చాలు. భరించలేని నొప్పి వస్తేనే మార్ఫిన్ 5 మి.గ్రా. ఒక్కటి.

కుదుపులకు క్లోనజెపామ్ 0.25 రాత్రికి. చీమలు కనబడి బెదిరిపోతుంటే హాలోపెరిడోల్ 1.5 మాత్రలో సగం. చర్మం కింద సెలైన్ 500 మి.లీ. ఎక్కించడం చాలామందికి ఉపకరిస్తుంది కానీ నాళాలు మూసుకుపోయి ఉంటే ఆ నీరంతా కాళ్లకు, ఊపిరితిత్తులకు చేరుతుంది. ముందు అల్ట్రాసౌండ్ చేయించి, నెఫ్రోస్టమీ (వీపు నుంచి కిడ్నీలోకి గొట్టం వేసి మూత్రం బయటికి తీయడం) పెట్టించడం ఆమెకు ఇష్టమో కాదో మాట్లాడాకే ఆలోచించండి.

సైకో-ఆంకాలజీ కౌన్సెలర్
ఈమె చీమల సంగతి చెప్పింది కాబట్టి తెలిసింది. పిచ్చి అంటారనో, గాలి సోకిందంటారనో చాలామంది దాచేస్తారు. "ఈ మాత్రలు వేసుకునేవాళ్లలో కొందరికి పురుగులో మనుషులో కనబడతాయమ్మా, మీకూ అలా ఉందా?" అని మనమే అడగాలి. చదువు రానివాళ్లకు వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి. మధ్యలో దారి తప్పుతుంటే ధ్యాస నిలవడం లేదన్నమాట. కదలకుండా మూసిన కళ్లతో పడి ఉండే డెలీరియాన్ని (ఉన్నట్టుండి వచ్చే మతిభ్రమను) "హాయిగా నిద్రపోతోంది" అనుకుని వదిలేయడం ఇంకా ఎక్కువ. డోసు పెంచిన మొదటి మూడు నాలుగు రోజుల మగత వేరు, అది దానంతటదే తగ్గుతుంది. నాలుగో రోజుకు పెరుగుతోందంటే కారణం వెతకాలి.

హోంకేర్ సిస్టర్
డాక్టరు గారు ప్యాచ్ రాశారు. రేకుల ఇల్లు, ఎండలు. ఏవైనా జాగ్రత్తలు?

క్లినికల్ ఫార్మసిస్ట్
వేడి తగిలితే మందు వేగంగా ఒంట్లోకి దిగుతుంది. వేడినీళ్ల సంచి, ఎండ పొడ దగ్గరికి రానివ్వకండి; జ్వరం వస్తే మగత, శ్వాస చూస్తుండండి. వెంట్రుకలు లేని చోట, ఛాతీ పైభాగానో భుజానికో, సబ్బు లేకుండా నీళ్లతో తుడిచి ఆరాక అతికించాలి. కత్తిరించకూడదు. 72 గంటలకు మార్చి కొత్త చోట వేయండి, తేదీ, వేళ ప్యాచ్ మీద రాయండి. పూర్తిగా పట్టడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. తీసేసినా చర్మంలో నిలిచిన మందు దాదాపు ఒక రోజు దిగుతూనే ఉంటుంది, కాబట్టి మగత వచ్చి ప్యాచ్ తీసినప్పుడు ఆమెను వదిలి వెంటనే వచ్చేయకండి. పాతదాన్ని జిగురు లోపలికి వచ్చేలా మడిచి పిల్లలకు అందకుండా పారేయండి. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి, ఇచ్చిన కేంద్రానికే అప్పగించండి.