కుటుంబాల అప్పులు పెరుగుతున్నప్పుడు నిఫ్టీ పీఈని నమ్మవచ్చా?

విశాఖ మదుపరి:
2024 ఆఖరుకు కుటుంబాల అప్పు స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 42 శాతంగా ఉందని, అందులో ఇంటి రుణాల కంటే ఇతర రుణాల వాటాయే ఎక్కువని రిజర్వు బ్యాంకు 2025 జూన్ ఆర్థిక స్థిరత్వ నివేదిక చెప్పింది. అయినా 2021లో 40 దాటిన నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) పీఈ, అంటే ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, ఇప్పుడు దాదాపు సగమే కనుక మార్కెట్ చవకగా ఉందని నా మిత్రులు వాదిస్తున్నారు. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి?

సిప్ పక్షపాతి:
అమెరికా, చైనాలలో ఈ నిష్పత్తి మన కంటే చాలా ఎక్కువ. హామీ లేని వినియోగ రుణాలపై రిజర్వు బ్యాంకు 2023 నవంబరు 16న రిస్క్ వెయిట్‌ను (ఆ రుణాలకు బ్యాంకులు ఎంత మూలధనం ఉంచుకోవాలో తేల్చే కొలత) 100 నుంచి 125 శాతానికి పెంచినప్పుడు కూడా ఇలాగే భయపడ్డారు. అప్పుడు 20,000 లోపున్న నిఫ్టీ 2024 సెప్టెంబరులో 26,277ను తాకింది. ఆ మరుసటి నెలలోనే నెలవారీ సిప్ (మ్యూచువల్ ఫండ్లలో వాయిదాల పద్ధతిలో పెట్టే సొమ్ము) పెట్టుబడులు 25 వేల కోట్లు దాటాయి. అప్పుల గణాంకాలు చూసి బయటికి వెళ్లినవారు ఆ లాభమంతా వదులుకున్నారు.

లెక్కల మాస్టారు:
ముందుగా ఆ 40 సంగతి. 2021 మార్చి ఆఖరు వరకు ఎన్‌ఎస్‌ఈ (నిఫ్టీని లెక్కించే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) మాతృ సంస్థల విడి లాభాలతోనే పీఈని లెక్కగట్టేది. అనుబంధ సంస్థల లాభాలను కూడా కలపడం మొదలుపెట్టగానే ఆ అంకె ఒక్క రోజులో 40 నుంచి 33కు దిగింది. కాబట్టి ఆ తేదీకి ముందరి పీఈని నేటి పీఈతో పోల్చి చవక అనడానికి ఆధారం లేదు.

ఇక అసలు విషయానికి వస్తే, అప్పుల గణాంకాలు సూచీ ఎటు వెళ్తుందో చెప్పవన్న సిప్ పక్షపాతి గారి మాటతో నేను ఏకీభవిస్తాను. అయితే పీఈలో హారంగా ఉన్న లాభం ఎంత గట్టిదో అవి చెబుతాయి. రుణ సంస్థ వేగంగా కొత్త అప్పులు ఇస్తున్నంత కాలం, అవి మొండివిగా మారేందుకు ఇంకా వ్యవధి చాలలేదు కనుక, మొత్తం రుణాల్లో బకాయిల శాతం తక్కువగా కనిపిస్తుంది. దాంతో మొండి బకాయిల కోసం లాభంలోంచి పక్కన పెట్టే కేటాయింపులు తగ్గి, లాభం పెరిగి, షేరు చవకగా తోస్తుంది. కొత్త రుణాలు మందగించిన తరువాతే పాత రుణాల అసలు స్థితి బయటపడుతుంది. ఫోను, ఏసీ ఈఎంఐ మీద అమ్ముడైతే ఆ కంపెనీ లాభంలోనూ అదే అప్పు ఉన్నట్టే.

తెలుగువారికి ఇది కొత్త కాదు. 2010 ఆగస్టులో పేదలకు చిన్న రుణాలిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరును 985 రూపాయలకు జారీ చేశారు; అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణాలపై ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్లు కుప్పకూలి, రెండేళ్లలోపే ఆ షేరు వంద రూపాయల లోపుకు పడిపోయింది. నిఫ్టీ మాత్రం ఆ నవంబరులోనే 6,300 దాటింది. అప్పటికి ఆ సంస్థ నిఫ్టీలో లేదు. నేడు నిఫ్టీలో ఆర్థిక సేవల వాటాయే మూడో వంతు పైచిలుకు కనుక, రుణాల నాణ్యత దెబ్బతింటే దాని ప్రభావం సూచీ లాభం మీదనే పడుతుంది.

ఇతర దేశాలతో పోలిక గురించి ఒక మాట: అమెరికా కుటుంబాల అప్పులో అధిక భాగం దీర్ఘకాలపు ఇంటి రుణం కావడంతో నెలసరి వాయిదా తేలిక, రెండు మూడేళ్ల వ్యక్తిగత రుణానికి అదే మొత్తం మీద వాయిదా ఎన్నో రెట్లు బరువు.

సిప్ పక్షపాతి:
2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు సూక్ష్మ రుణాలపై రిస్క్ వెయిట్‌ను తిరిగి తగ్గించింది. జూన్ నాటికి రెపో రేటును (తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 5.5 శాతానికి దించింది. ఏప్రిల్‌లో నిఫ్టీ 21,743 వరకు పడినప్పుడే మొండి రుణాల నష్టమంతా ధరల్లో చేరిపోయి ఉండవచ్చు కదా, మాస్టారూ?

లెక్కల మాస్టారు:
ఉండవచ్చు. కానీ వ్యక్తిగత రుణాలు, క్రెడిట్ కార్డులపై పెంచిన వెయిట్‌ను అప్పుడు తగ్గించలేదని గమనించండి. నేను సూచీ ఫండ్‌లో సిప్ ఆపను. హామీ లేని రుణాలే ప్రధానంగా ఇచ్చే సంస్థలను మాత్రం పీఈతో తూచను. వాటి పుస్తక విలువను (ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలేది), రుణాల్లో కేటాయింపుల శాతాన్ని మంచి, చెడ్డ సంవత్సరాలు రెండూ కలిసేలా చూసి ధర నిర్ణయించుకుంటాను. ఆ శాతం వరుసగా కొన్ని త్రైమాసికాలు తగ్గితే మీ వాదనను అంగీకరిస్తాను.