కేసీ కెనాల్ కింది మాగాణిని ప్లాట్లు చేయనివ్వాలా?

హంద్రీ ఒడ్డు:
కర్నూలు నుండి నందికొట్కూరు వైపు వెళ్తుంటే, నిన్నమొన్నటి దాకా కేసీ కెనాల్ (కర్నూలు–కడప కాలువ) నీటితో వరి పండిన మడుల్లో హద్దురాళ్లు, రంగుజెండాలు కనిపిస్తున్నాయి. కాలువ ఆయకట్టును ఇళ్ల స్థలాలుగా మార్చడాన్ని పూర్తిగా నిషేధించాలన్నది నా అభిప్రాయం. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించిన కాలువ ఇది. పంటలకే కాక పడవలు నడపడానికి కూడా ఉద్దేశించారు. గిట్టుబాటు కాకపోవడంతో 1882లో ప్రభుత్వం తీసుకుంది. ఇన్ని తరాలు నీరు పారి, చదునై, గట్లు బిగిసిన మాగాణి మరోచోట తయారు కాదు. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు కేటాయించిన 39.9 టీఎంసీలు పొలాల కోసమే కదా.

నల్లరేగడి:
హంద్రీ ఒడ్డు గారూ, మీరు నిషేధించమంటున్నది నా ఆస్తి అమ్మకాన్ని. నాకు ఆ కాలువ కింద రెండున్నర ఎకరాలు ఉన్నాయి. నాకు అరవై దాటాయి, పిల్లలు బెంగళూరులో ఉన్నారు, నాట్ల సమయానికి కూలీలను వెతుక్కోవడమే ఒక పెద్ద పని. పట్నంలో స్థలం కొని పెట్టుకున్నవారికి దాని ధర నాలుగింతలైతే అదృష్టం అంటారు. రైతు తన పొలాన్ని మంచి ధరకు అమ్ముకుంటే మాత్రం అన్నం పెట్టే నేలను అమ్ముకున్నాడంటారు. ఈ తేడా ఎందుకో ఎవరైనా చెబితే వింటాను.

అద్దె ఇల్లు:
ఇళ్లు కావలసినవారూ ఉన్నారు. అయితే మాగాణే ఎందుకు? ఓర్వకల్లు వైపు రాతినేల బోలెడంత ఉంది. 2021లో విమానాశ్రయం మొదలైంది అక్కడే, గని–శకునాల వద్ద దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చిందీ ఆ వైపే. పట్నం అటు పెరిగితే ఎవరికీ నష్టం లేదు.

గడ్డిమేడు:
"ఎవరికీ" అన్న మాట వద్ద ఆగాలి. బీడు అని మనం రాసుకున్న చోట గొర్రెలు మేస్తాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది అటువంటి గడ్డినేలలోనే. చుట్టూ సేద్యం విస్తరించి మేత నేలలు తరిగిపోయాక ఆ పిట్ట అక్కడ కనిపించకుండా పోయింది. అంటే పొలం కూడా ఒకప్పుడు ఎవరి చోటునో ఆక్రమించినదే. ఇది చర్చకు కాస్త పక్కదారి అని తెలుసు, కానీ రాతినేల ఖాళీ నేల కాదని నమోదు కావాలి.

పాత లస్కరు:
నేను కాలువ పని చేసి విరమించినవాడిని. మీరందరూ ఎకరాల లెక్క మాట్లాడుతున్నారు. నేను చూసినది పిల్లకాలువ సంగతి. ఒక తూము కింద యాభై ఎకరాలు ఉన్నాయనుకోండి. మధ్యలో పది ఎకరాలు వెంచరుగా మారితే పోయేది ఆ పది ఎకరాలే అని కాగితం చెబుతుంది. కానీ అక్కడ మట్టి తోలి నేలను ఎత్తు చేస్తారు, రోడ్డు వేస్తారు, పిల్లకాలువ అడ్డం వస్తే పూడ్చేస్తారు, లేదా ఒక సన్నటి పైపు వేస్తారు. మరుసటి ఏడాదికి ఆ పైపు చెత్తతోనూ ఒండ్రుతోనూ మూసుకుపోతుంది. దిగువ పొలాలకు నీరు అందదు, ఒకటి రెండు పంటలు ఎండాక వారూ అమ్ముతారు. వారు అమ్మాలని అమ్మినవారు కారు. అందువల్ల "నా ఆస్తి, నా ఇష్టం" అన్న వాదం తూము దగ్గర నిలబడదు, ఎందుకంటే మొదటివాడి ఇష్టం పదోవాడి ఇష్టాన్ని తీసేస్తుంది. పల్లంలో మురుగు పోయే వంకలను పూడ్చడం ఇంకో తప్పు. 2009 అక్టోబరులో పట్నం మునగడం చూసినవారికి నీరు తన దారిని మరచిపోదని తెలుసు.

చట్టం కాపాడుతుందని కొందరు అనుకుంటారు. 2013 భూసేకరణ చట్టం ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూమిని తప్పనిసరైతేనే తీసుకోవాలంటుంది, కానీ అది ప్రభుత్వం చేసే సేకరణకు వర్తిస్తుంది. రైతు రియల్టరుకు చేసే రిజిస్ట్రేషనుకు కాదు. నేను పూర్తి నిషేధం కోరను. పిల్లకాలువ అదే వెడల్పుతో, అదే వాటంతో ఉండాలనీ, దిగువ రైతులు సంతకం పెట్టనిదే లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదనీ అంటాను. ప్లాట్లు అమ్ముడుపోయినంత మాత్రాన ఇళ్లు రావు. కంపచెట్లు మొలిచిన వెంచర్లను ఆ దారిలోనే చాలా చూశాను.

హంద్రీ ఒడ్డు:
సంతకాలు కొనుక్కుంటారు. అయినా నిషేధం కన్నా ఇది అమలయ్యే మాటలా ఉంది, ఒప్పుకుంటున్నాను.

నల్లరేగడి:
లస్కరు గారూ, మొదట రాయని సంగతి ఒకటి ఇప్పుడు రాస్తాను. మా మడికి నీరు తగ్గింది కూడా పైన వెంచరు పడ్డాకే. అమ్మాలన్న ఆలోచన అంతకు ముందు లేదు. మా పొలం కింద ఇంకా తొమ్మిది కుటుంబాలు ఉన్నాయి కాబట్టి, పోయిన నెల బేరానికి వచ్చినవారిని పిల్లకాలువ వదిలిపెట్టమని అడిగాను. ఆ వెడల్పు మేరకు సెంట్లు లెక్కగట్టి ధర తగ్గిస్తామన్నారు. నేను ఇంకా జవాబు చెప్పలేదు.