సమస్య: దుమ్ము లేని యింట దుమ్ము లేచె

నిర్వాహకుడు:
ఈ వారం ఇస్తున్నది ఆటవెలది పద్యం నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. అయిదూ సూర్యగణాలే (ఒక్కోటి గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), యతి దు–దు (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి). విషయం ఒక్కటే, ఇంటికి వాక్యూమ్ క్లీనర్ ఎంచుకోవడం, అదీ నాలుగు కాలాలు నమ్ముకోదగ్గది. దుమ్మే లేని ఇంట్లో దుమ్మెలా లేస్తుంది అన్న చిక్కు మిషన్ పనితీరులోంచే విడిపోవాలి. కల వచ్చిందని, మాయ జరిగిందని విడదీస్తే ఒప్పుకోను. వాడుక మాటలు, ఇంగ్లీషు మాటలు ఫరవాలేదు, గణం తప్పితే మాత్రం చెప్తాం.

ఊతంగా ఒక సంగతి. లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, గాలి ఊది దుమ్ము లేపే మిషన్ ఒకటి చూశాడు. లేచింది మళ్లీ అక్కడే పడుతుంటే, ఊదే బదులు పీలిస్తే పోదా అనుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ మీది దుమ్ము పీల్చి చూశాడు. రుమాలుకు రెండో వైపు అంటిన మట్టే ఆయనకు జవాబు. 1901లో పేటెంటు తీసుకున్నాడు.

గాలివాటం:
నా పూరణ.

వాట్లు చూసి కొన్న వాక్యూము నడిపితే
వెనుక దారిలోన వెళ్లె ధూళి
ఫిల్టరంచు నుండి పిండిలా రాలగా
దుమ్ము లేని యింట దుమ్ము లేచె

గణపరీక్ష:
మూడో పాదం చాలా బాగా కుదిరింది. ఫి–పి యతి సహజంగా పడింది, ‘పిండిలా’ అన్న మాటతో దృశ్యం కళ్లకు కట్టింది. రెండో పాదంలో ‘దారిలోన’ కంటే ‘దారి గుండ’ అంటే అర్థం తిన్నగా ఉంటుంది, గణాలు కూడా మారవు. ‘నడిపితే’ని ‘నడుపగా’ చేయమని ఎవరైనా అంటారేమో, చేయకండి, కింద ‘రాలగా’ ఉంది, రెండు ‘గా’లు వరసన వస్తే నడక కుంటుతుంది.

విషయం మీద కూడా ఒక మాట. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే వాట్లు మోటారు ఎంత కరెంటు తాగుతుందో చెప్తాయి అంతే, ఎంత పీలుస్తుందో చెప్పవు. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి ఇంటి మిషన్లు 900 వాట్లు దాటకూడదని నియమం పెట్టారు, అయినా ఆ ఇళ్లలో కార్పెట్లు శుభ్రంగానే ఉంటున్నాయి. చూడాల్సింది గాలి ఎంత జోరుగా లోపలికి వస్తోంది, వచ్చిన గాలి బయటికి పోయేటప్పుడు దేని గుండా పోతోంది అన్న రెండు విషయాలు.

గాలివాటం:
‘దారి గుండ’ తీసుకుంటాను అక్కా. నేను చెప్పాలనుకున్నదీ అదే. ఫిల్టరు ఎంత మంచిదైనా దాని చుట్టూ ఉన్న రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే గాలి ఫిల్టరులోంచి పోదు, పక్క సందులోంచి పోతుంది. కొనేటప్పుడు షాపులో మూత విప్పించి ఆ రబ్బరు చూడాలి, వేలితో నొక్కి చూడాలి. ‘హెపా టైపు’ అని రాసి ఉంటే అది అసలు హెపా (సన్నటి ధూళిని కూడా ఆపే ఫిల్టరు) అని నమ్మడానికి లేదు. హెచ్13 లాంటి తరగతి రాసి ఉందా అని అడగాలి, ఆ తరగతి ఫిల్టరు పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతం ఆపాలి.

ముంగిలి:
సంచి లేని దనుచు సంబరపడినాము
మూత తీసి చూడ ముక్కు నిండె
చెత్తబుట్టలోకి చేర్చబోవగ నయ్యొ
దుమ్ము లేని యింట దుమ్ము లేచె

గణపరీక్ష:
సమస్య బాగా విడిపోయింది. ‘అయ్యొ’ గణం నింపడానికి వచ్చినట్టుంది, ‘నంత’ అని పెట్టి చూడండి.

ముంగిలి:
లేదండీ, ‘అయ్యొ’ ఉండాల్సిందే. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్ల ఉంటే, డబ్బా దులిపేటప్పుడు లేచే ఆ మబ్బు చూసినవాళ్లకి నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. సంచి ఉన్న మిషన్లో సంచే ఒక వడపోత, నిండాక మూతి మూసుకుపోయే రకమైతే అలాగే తీసి పారేయొచ్చు. సంచులు కొంటూనే ఉండాలి, నిజమే. కానీ సంచి లేని దాంట్లో ఫిల్టరు కడగాలి, కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, తడిది పెట్టేస్తే ముక్కిపోయిన వాసన, మోటారుకీ చేటు. ఈ పని ఎవరు చేస్తారో ముందే అనుకుని కొనమని అందరికీ చెప్తాను.

పచ్చగడప:
కంటి కగుపడనిది కార్పెట్టు లోనుండి
బ్రష్షు తిరుగుతుంటె లేచి వచ్చె
గాలి లాగు పట్టు గట్టిగా నుండగ
దుమ్ము లేని యింట దుమ్ము లేచె

నిర్వాహకుడు:
ఊహ అందరికంటే భిన్నంగా ఉంది. మిగతావాళ్లకి లేచిన దుమ్ము మిషన్ తప్పు, మీకు మిషన్ గొప్పతనం. అయితే రెండో పాదంలో యతి పోయింది, బ్ర–లే కలవవు. ‘బ్రష్షు తిరుగుతుంటె బయటి కొచ్చె’ అంటే సరిపోతుంది.

పచ్చగడప:
తీసుకున్నాను గురువుగారూ. బ్రష్షు గట్టిగా తిరిగితేనే ఈ పద్యం నిజమవుతుంది, ఉత్త పీల్పుతో కార్పెట్టు పోగుల అడుక్కి దిగిన మట్టి అంతగా రాదు. నున్నటి నేలయితే ఆ బ్రష్షు ఆపేసే స్విచ్చు ఉండాలి, లేకపోతే గింజలూ ఇసుకా పీల్చుకునే లోపే అవతలికి విసిరేస్తుంది.

చక్రవాకం:
బెల్టు తెగిన నాడె విడిభాగ మడిగితే
దొరక దనుచు చెప్పె తొణక కుండ
మూల చేరె మిషను, ముట్టగ చీపురు
దుమ్ము లేని యింట దుమ్ము లేచె

బె–వి యతి చెల్లుతుందా?

గణపరీక్ష:
చెల్లుతుంది, బ–వలకు మైత్రి ఉంది, ఎ–ఇలకూ ఉంది. ఇన్ని పూరణల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ‘తొణక కుండ’ అన్న చోట అమ్మేవాడి మొహం కనిపించింది. నమ్మకం అంటే మనం మోటారు గురించే ఆలోచిస్తాం గానీ, ముందుగా పోయేవి బెల్టు, ఫిల్టరు, గొట్టం, బ్రష్షు. పొడుగు జుట్టు బ్రష్షు చివర్లకి చుట్టుకుని ఇరుసు బిగుసుకుంటే బెల్టు వేడెక్కి తెగుతుంది. కొనకముందే ఆ మోడల్ పేరు చెప్పి ఇవి విడిగా అమ్ముతారా అని అడగాలి, వాళ్లు నీళ్లు నమిలితే ఆ మోడల్ వద్దు. బ్రష్షు మనమే విప్పుకుని కత్తెరతో జుట్టు తీసుకునేలా ఉందో లేదో కూడా అక్కడే చూడాలి.

వెలుగురేక:
వైరు లేనివాటి మీద ఎవరూ రాయలేదు కాబట్టి నేను.

తీగ లేని దాని తిప్పుతు నుండగా
సగము గదికి చార్జి సన్నగిల్లె
ఊడ్వకున్న వైపు ఊదగ ఫ్యానొచ్చి
దుమ్ము లేని యింట దుమ్ము లేచె

చక్రవాకం:
అన్వయం చిక్కు ఉంది తమ్ముడూ. ఊడవని వైపు దుమ్ము ఉన్నట్టేగా, మరి ‘దుమ్ము లేని యిల్లు’ ఎలా అయింది? సమస్యతో పద్యం గొడవ పడకూడదు. మొదటి రెండు పాదాలూ మాత్రం చక్కగా ఉన్నాయి. డబ్బా మీద రాసే నిమిషాలు మామూలుగా అన్నిటికంటే తక్కువ జోరులో కొలిచినవి, పూర్తి జోరు పెడితే అందులో చిన్న వాటాయే వస్తుంది, పైగా లిథియం బ్యాటరీ వాడే కొద్దీ తగ్గుతూ పోతుంది.

నిర్వాహకుడు:
మూడో పాదం ఇలా మారిస్తే: ‘ఊడ్చినా మటంచు ఊరట నొందగా’. ఇప్పుడు దుమ్ము లేదన్నది ఇంటివాళ్ల భ్రమ, కాబట్టి విరోధం పోయింది.

వెలుగురేక:
అలాగే మార్చాను. చక్రవాకం గారన్నట్టు బ్యాటరీ తగ్గుతూ పోయేదే కాబట్టి, దాన్ని మనమే విప్పి మార్చుకునే వీలున్న మోడళ్లే చూస్తున్నా ఇప్పుడు, లోపల పెట్టి మూసేసినవి వద్దనుకున్నాను.