మూడేళ్ళ పాపతో సింగపూర్‌లో ఒక రోజు ఆగుతున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బుజ్జి వాళ్ళమ్మ:
జూలైలో పాపతో మెల్‌బోర్న్ వెళ్తున్నాను. మావారు అక్కడే ఉన్నారు కాబట్టి ప్రయాణం మేమిద్దరమే. పాపకి మూడేళ్ళు. రెండు విమానాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కితే తట్టుకోలేదేమోనని సింగపూర్‌లో ఆగేలా టికెట్ తీసుకున్నాం. సోమవారం పొద్దున 6కి దిగుతాం, మంగళవారం రాత్రి మళ్ళీ విమానం. జూ, సెంటోసా దీవి, గార్డెన్స్ బై ద బే పార్కు, ఎయిర్‌పోర్ట్‌ని ఆనుకుని ఉన్న జ్యువెల్ మాల్, అన్నీ రాసిపెట్టుకున్నాను. ఒక్కదాన్నే ఇవన్నీ తిప్పగలనా అని టెన్షన్‌గా ఉంది. వీసా సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇద్దరు పిల్లల నాన్న:
ముందు వీసా సంగతి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు సింగపూర్‌లోకి వెళ్ళాలంటే మామూలుగా వీసా కావాలి. ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉండి, ఆ దారిలో సింగపూర్‌లో దిగేవాళ్ళని 96 గంటల వరకు వీసా లేకుండా రానిస్తారు. ముందుకు వెళ్ళే టికెట్ కన్ఫర్మ్ అయి ఉండాలి. మీకూ పాపకీ ఇద్దరికీ విడివిడిగా అర్హత ఉండాలి. చివరి నిర్ణయం ఇమిగ్రేషన్ ఆఫీసర్‌దే. షరతులు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో ఉంటాయి, బయల్దేరే వారంలో మరోసారి చదువుకోండి.

ఎస్‌జీ అరైవల్ కార్డ్ అని సింగపూర్‌లోకి వచ్చేవాళ్ళ వివరాల ఫారం ఉంటుంది, ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల. పాపకి వేరే కార్డ్. అది పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

ఇంకొకటి. మీరొక్కరే పాపతో వెళ్తున్నారు కాబట్టి మీవారి సంతకంతో ఒక అనుమతి లెటర్, పాప బర్త్ సర్టిఫికెట్ కాపీ దగ్గర ఉంచుకోండి. అడగకపోవచ్చు, అడిగితే మాత్రం వెతుక్కోనక్కర్లేదు.

మెల్‌బోర్న్ మజిలీ:
మీ లిస్టులోంచి సగం తీసెయ్యండి అమ్మా, నిజంగానే చెప్తున్నాను. చిన్నపిల్లతో ఒక రోజు ఆగినప్పుడు చూసుకోవాల్సింది పాప ఒంట్లో ఎంత టైమ్ అయిందనేది.

సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు దిగే పొద్దున 6 అంటే పాపకి తెల్లవారుజామున 3:30. అంటే గాఢంగా నిద్రపోయే సమయంలో మీరు ఇమిగ్రేషన్ క్యూలో నిలబడతారు. ఆ రోజు పొద్దున ఏ ప్లాన్ పెట్టినా ఏడుపే. ఇంట్లో రాత్రి 9కి పడుకునే పిల్లకి అక్కడ 11:30 దాకా నిద్ర రాదు, దాన్ని మీరు వాడుకోవచ్చు. గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాలు) లైట్ల షో రోజూ రాత్రి 7:45కీ 8:45కీ ఉంటుంది, టికెట్ లేదు. 7:45 అంటే మీ పాపకి సాయంత్రం 5:15. మధ్యాహ్నం బాగా నిద్రపోయి లేచిన పిల్లకి అంతకంటే మంచి వేళ ఉండదు.

కాబట్టి సోమవారం పగలంతా నిద్ర, తిండి. సాయంత్రం లైట్లు. అంతే.

రైలుబండి:
సోమవారం అన్నారు కాబట్టి చెప్తున్నా. గార్డెన్స్ బై ద బేలో పిల్లలు నీళ్ళలో ఆడుకునే చిల్డ్రన్స్ గార్డెన్, బొటానిక్ గార్డెన్స్‌లోని జేకబ్ బల్లాస్ చిల్డ్రన్స్ గార్డెన్, రెండూ సోమవారం మూసేస్తారు. రెండూ ఉచితమే, మంగళవారం ఏదో ఒకదానికి వెళ్ళండి. తువ్వాలు, ఇంకో జత బట్టలు మర్చిపోకండి.

హోటల్ బూగిస్ స్టేషన్ దగ్గర చూసుకోండి. ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రో ఎక్కి తానా మేరాలో ఒక్కసారి మారితే బూగిస్ వచ్చేస్తుంది. బూగిస్ నుంచి డౌన్‌టౌన్ లైన్‌లో ఒకవైపు బేఫ్రంట్, అక్కడ దిగితే గార్డెన్స్ బై ద బే. రెండోవైపు లిటిల్ ఇండియా, ఇంకా ముందుకెళ్తే బొటానిక్ గార్డెన్స్. ఎక్కడా మారక్కర్లేదు. చంకలో నిద్రపోతున్న పిల్లతో ఉన్నప్పుడు ఈ ఒక్క విషయం ఎంత సాయమో! రైల్లో స్ట్రోలర్ మడవక్కర్లేదు. కానీ తినడం, తాగడం నిషేధం, పాపకి బిస్కెట్ కూడా దిగాకే.

బుజ్జి వాళ్ళమ్మ:
చాలా థాంక్సండీ. సోమవారం మూసేస్తారని అస్సలు తెలీదు. మరి హోటల్ చెకిన్ మధ్యాహ్నం 3కి అంటున్నారు. 6 నుంచి అప్పటిదాకా నిద్రపోయే పిల్లతో ఎక్కడ ఉండాలి?

ఇద్దరు పిల్లల నాన్న:
ఆదివారం రాత్రికి కూడా గది బుక్ చేసుకోవడం అన్నిటికంటే హాయి. పొద్దున్నే వస్తామని హోటల్‌కి మెయిల్ పెట్టండి, లేకపోతే రాలేదనుకుని గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అది ఖర్చనుకుంటే గంటల లెక్కన గది తీసుకోవచ్చు. ఇక్కడ జాగ్రత్త. ఇమిగ్రేషన్‌కి లోపల ఉండే ట్రాన్సిట్ హోటల్ మీకు కుదరదు. 24 గంటలు దాటి ఆగుతున్నారు కాబట్టి పెట్టెలు మామూలుగా సింగపూర్‌లోనే దింపేస్తారు, మీరు లోపల పడుకుంటే అవి బెల్ట్ మీద తిరుగుతుంటాయి. జ్యువెల్‌లో గంటల లెక్కన గదులిచ్చే హోటల్ ఉంది, అది ఇమిగ్రేషన్ దాటాక వస్తుంది. పెద్ద పెట్టెలు ఎయిర్‌పోర్ట్‌లోనే లగేజ్ కౌంటర్‌లో డబ్బు కట్టి వదిలేయండి. ఒక చిన్న బ్యాగ్‌తో ఊళ్ళోకి వెళ్ళండి.

జ్యువెల్‌లో 40 మీటర్ల జలపాతం పాప నిద్ర లేచాక చూసుకోవచ్చు, ఎక్కడికీ వెళ్ళకుండానే ఒకటి అయిపోతుంది.

నల్లమబ్బు:
లిస్టులో సగం తీసెయ్యమంటున్నారు, జూ తీసెయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోను. మా బాబుకి ఆ ప్రయాణంలో గుర్తున్నది జూ ఒక్కటే. మంగళవారం రోజంతా ఉంది కదా, వెళ్ళొచ్చు.

మెల్‌బోర్న్ మజిలీ:
జూ గొప్పదే, కాదనను. ఇద్దరు పెద్దవాళ్ళుంటే నేనూ వెళ్ళమనేదాన్ని. అది ఊరికి ఉత్తరాన మండాయ్‌లో ఉంది, పక్కన మెట్రో లేదు, దిగి బస్సు ఎక్కాలి. ఎండా ఉక్కా, మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉరుముల వాన. ఆ చెమటతో ఒక్కతే పిల్లని ఎత్తుకుని రాత్రి విమానానికి పరుగెత్తాలి. మంగళవారం పాప స్థానిక టైమ్ 9:30 దాకా లేవదు కూడా. లేవనివ్వండి. రెండు గంటలు నీళ్ళలో ఆడించి, లిటిల్ ఇండియాలో ఇడ్లీయో పెరుగన్నమో పెట్టించి, హోటల్ వాళ్ళు గది ఆలస్యంగా ఖాళీ చేయనిస్తే అక్కడే పడుకోబెట్టండి.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం లెక్క తలకిందులవుతుంది. జూలైలో మెల్‌బోర్న్ సింగపూర్‌కి రెండు గంటలు ముందు, అక్కడి వేసవిలో మూడు. అప్పుడు పాప సాయంత్రం 6, 7 గంటలకే వాలిపోతుంది, తెల్లవారుజామున 4, 5 గంటలకే లేచి కూర్చుంటుంది. ఆ వైపు లైట్ల షో పెట్టుకోకండి, బొటానిక్ గార్డెన్స్ పెట్టుకోండి. అది పొద్దున 5కే తెరుస్తారు.

రైలుబండి:
కారులో వెళ్ళాల్సొస్తే ఒక మాట. అక్కడ 1.35 మీటర్ల లోపు పిల్లలకి చైల్డ్ సీట్ తప్పనిసరి. టాక్సీలకి మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేట్ కార్లకి లేదు. యాప్‌లో చైల్డ్ సీట్ ఉన్న కారు ఎంచుకోండి, లేకపోతే డ్రైవర్ ఎక్కించుకోడు.

బుజ్జి వాళ్ళమ్మ:
జూ, సెంటోసా తీసేశాను. బూగిస్‌లో ఆదివారం రాత్రి నుంచే గది బుక్ చేశాను, పొద్దున 7:30కి వస్తామని మెయిల్ పెట్టాను. సోమవారం లైట్లు, మంగళవారం నీళ్ళు. స్ట్రోలర్ విమానం తలుపు దగ్గరే ఇస్తారా, బెల్ట్ మీద వస్తుందా?

ఇద్దరు పిల్లల నాన్న:
ఎయిర్‌లైన్‌ని బట్టి ఉంటుంది, చెకిన్ కౌంటర్‌లో అడిగి ట్యాగ్ మీద రాయించుకోండి. బెల్ట్ మీదే అంటే పాపని కట్టుకునే క్యారియర్ ఒకటి చేతి సామానులో పెట్టుకోండి. ఆ వేళకి పాప నడవదు.