తుఫాను షెల్టర్లకు పెట్టిన కోట్లు ఫలించాయా?

కోడూరు కుర్రాడు:
1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మంది పోయారు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటిన తుఫానుకి చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. 2014 హుద్‌హుద్‌కి పదుల్లోకి దిగింది. మధ్యలో కట్టిన షెల్టర్లు, కరకట్టలు దండగంటే నేను ఒప్పుకోను.

లెక్కల మాస్టారు:
అంకెలు నిజమే తమ్ముడూ. వాటిని మొత్తం షెల్టర్ల ఖాతాలో రాసేస్తేనే పేచీ. 77లో మన పల్లెల్లో రేడియో ఉన్న ఇళ్లు ఎన్ని? 90 నాటికి ఉపగ్రహం వచ్చింది, ముందే లక్షమందికి పైగా తరలించారు. ఇందులో కబురు వాటా ఎంత, రోడ్డు వాటా ఎంత, స్లాబు వాటా ఎంత? పైగా 1996 నవంబరు కోనసీమ తుఫానుకి షెల్టర్లు ఉండగానే వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్లి సముద్రం మీద చిక్కుకున్నవాళ్లకి ఒడ్డున మేడ ఉంటే ఏం ఒరిగింది?

కోడూరు కుర్రాడు:
తరలించి ఎక్కడ పెడతారు మాస్టారూ? ఈ పూరిపాకలోంచి ఆ పూరిపాకలోకా?

ఉప్పుగాలి:
మా ఊరి షెల్టరు సంగతి చెప్తా. స్తంభాల మీద మేడ, చూడ్డానికి గట్టిదే. పోయిన తుఫానుకి తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికి గంట పట్టింది. ఒక గది నిండా ధాన్యం బస్తాలు. ట్యాంకుంది, మోటారు లేదు. బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని ఆడవాళ్లు రాత్రంతా గుక్కెడు నీళ్లు తాగలేదు. మా నాయనమ్మయితే గేదెని వదిలి రానంది, పలుపు విప్పి తోలేశాక గానీ కదల్లేదు. పక్కూరి షెల్టర్లో బడి నడుస్తోంది. రోజూ తలుపు తీస్తారు, ఊడుస్తారు, బల్బు పోతే మారుస్తారు. అచ్చం ఇలాంటి మేడే అది. ఎన్ని కట్టారో సభల్లో చదువుతారు, ఆ రాత్రి ఎన్ని తెరుచుకున్నాయో చదవగా నేనింతవరకు వినలేదు.

సింగ్‌నగర్ వాసి:
మాకు షెల్టరు కాదు, గట్టు కావాల్సొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడి బెజవాడలో ఇళ్లు మునిగాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26కి రాష్ట్రాల విపత్తు నిధుల్లో 80 శాతం ప్రధానంగా సహాయ, పునర్నిర్మాణాలకి, 20 శాతం ముప్పు తగ్గించే పనులకి కేటాయించింది. మునిగాక పులిహోర పొట్లాలకి, మరమ్మతులకి నాలుగు రూపాయలు, మునక్కుండా చేసే గట్టుకి ఒక రూపాయి అన్నమాట.

లెక్కల మాస్టారు:
పొట్లాలని తీసిపారేయకండి, ఆ రెండు రోజులూ ఎంతోమందికి అవే తిండి. కానీ ఉప్పుగాలి గారి తాళం సంగతికి నేను సగం ఓడినట్టే. షెల్టరు వద్దనను. కొత్తది మంజూరు చేసే ముందు పాతదాంట్లో ఏటా అక్టోబరు రాకముందే ఒక రాత్రి ఊరు ఊరంతా పడుకుని చూడాలి. అప్పుడు నా దగ్గరికి లెక్క తెండి.

ఉప్పుగాలి:
పడుకుంటాం మాస్టారూ. ముందు ఆ బస్తాలు తీయించండి. ఎవరివో ఊళ్లో అందరికీ తెలుసు, అడిగే నాథుడే లేడు.