రెండు వర్గాలను మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టాలి. మొదటి మీటింగ్ చెడిపోయింది, ఇప్పుడేం చేయాలి?

కాలనీ_కార్యదర్శి:
అందరికీ నమస్కారం. మా కాలనీలో రెండు వర్గాల వాళ్ళం ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉంటున్నాం. ఎవరెవరో ఇక్కడ రాయను, రాస్తే చర్చంతా దాని మీదికే పోతుంది. మూడు నెలల క్రితం ఒక వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఎక్కడిదో, ఎప్పటిదో. మా దగ్గర జరిగినట్టు చెప్పుకున్నారు. ఆ సాయంత్రం పిల్లలు ఆడుకునే స్థలంలో మాటామాటా పెరిగి రాళ్ళ దాకా వెళ్ళింది. పదమూడేళ్ళ కుర్రాడి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి.

వారం తిరక్కుండా నేను మీటింగ్ పెట్టాను. అరవై మంది దాకా వచ్చారు. "మనసులో ఉన్నది చెప్పండి" అని మైకు ఇచ్చాను. మొదటి మాటే "ముందు రాయి వేసింది మీవాళ్ళు". ఇరవై నిమిషాల్లో సగం మంది లేచి వెళ్ళిపోయారు. అంతకుముందు ఎదురుపడితే పలకరించుకునేవాళ్ళు, ఇప్పుడు అదీ లేదు. నా వల్లే ఇంకా చెడిందేమో అని రాత్రులు నిద్ర పట్టడం లేదు.

మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి? ఇంకో సంగతి. ఆ కుర్రాడి తండ్రి నన్ను సూటిగా అడిగారు: "అహింస అంటే దెబ్బ తిన్నవాడు నోరు మూసుకోవడమా?" నా దగ్గర జవాబు లేదు.

పాత_పంతులమ్మ:
కార్యదర్శి గారూ, ముందు ఆ తండ్రి ప్రశ్న గురించి చెబుతాను. నోరు మూసుకోవడం అహింస కాదు. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థులు తమకు తిండి పెట్టని లంచ్ కౌంటర్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. వెళ్ళడానికి ముందు నెలల తరబడి, అహింసా పోరాటం నేర్పే జేమ్స్ లాసన్ దగ్గర శిక్షణ తీసుకున్నారు. ఒకరు తిట్టేవాళ్ళు, కుర్చీ లాగేసేవాళ్ళు, ఇంకొకరు చెయ్యెత్తకుండా తట్టుకునేవాళ్ళు. కోపం రాని మనుషులై కాదు, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఏం చేయాలో ముందే నేర్చుకున్నారు కాబట్టి నిలబడగలిగారు. ఏప్రిల్ 19న వాళ్ళ తరఫు లాయరు ఇంటి మీద బాంబు పడింది. అదే రోజు వేల మంది మౌనంగా నడిచి మేయర్ దగ్గరికి వెళ్ళారు. డయాన్ నాష్ అనే ఇరవై ఒకటేళ్ళ అమ్మాయి ఆయన్ని అందరి ముందూ అడిగింది: రంగు చూసి మనిషిని వేరు చేయడం తప్పా, కాదా? తప్పేనని ఆయన ఒప్పుకున్నాడు. మూడు వారాలకు ఆ కౌంటర్లు తెరుచుకున్నాయి. ఆ అమ్మాయి తిట్టలేదు, ఊరుకోనూ లేదు. తప్పించుకోలేని ప్రశ్న వేసింది. ఆ తండ్రికి ఈ సంగతి చెప్పండి. ఆయన కొడుక్కి జరిగింది తప్పు అని మీరు కూడా పైకి అనండి. అనకపోతే ఆయన మీ రెండో మీటింగ్‌కి రారు, రాకపోయినా తప్పు పట్టలేం.

ఇక మీటింగ్ సంగతి. పెద్ద సభతో మొదలుపెట్టడమే పొరపాటు. అరవై మంది ముందు మైకు పట్టుకున్న మనిషి ఎదుటివాళ్ళతో మాట్లాడడు, తనవాళ్ళకు వినిపించడానికి మాట్లాడతాడు. మెత్తగా ఒక్క మాట అన్నా తన వైపే ద్రోహి అయిపోతాడు. నేను పదహారేళ్ళుగా ఇలాంటి గొడవల మధ్య కూర్చుంటున్నాను. ముందు ఇంటింటికీ విడివిడిగా వెళతాను. సలహా చెప్పను. "ఆ రోజు మీరెక్కడ ఉన్నారు, ఏం చూశారు, ఇప్పుడు దేనికి భయపడుతున్నారు" అని మూడే అడుగుతాను. దానికే నెల పట్టొచ్చు, పట్టనివ్వండి. ఆ తర్వాత అటు నలుగురు, ఇటు నలుగురు, అంతే. పేరున్న నాయకుల కన్నా, తనవాళ్ళ తప్పు కూడా చూడగలిగిన మనిషి కావాలి. అలాంటివాళ్ళు రెండు వైపులా ఉంటారు, మైకు దగ్గరికి రారు.

కూర్చున్నాక ఒకటే నియమం పెడతాను. ఎదుటివాళ్ళు అన్నది మీ నోటితో తిరిగి చెప్పి, "అవును, నేనన్నది ఇదే" అని వాళ్ళు అన్నాకే మీ మాట మొదలుపెట్టాలి. ఒకసారి ఒకాయన వరసగా మూడుసార్లు తప్పాడు. "మీ పిల్లలు రాత్రంతా ఏడ్చారన్నారు, కానీ..." అనేవాడు. ఆపి మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేదాన్ని. నాలుగోసారి "మీ పిల్లలు రాత్రంతా ఏడ్చారు" అని ఆగిపోయాడు. "కానీ" రాలేదు. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నావిడ వచ్చినప్పటి నుంచీ, లేచి వెళ్ళిపోయేదానిలా, బ్యాగు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. అప్పుడు తీసి కింద పెట్టింది. ఆ రోజు ఒప్పందం ఏదీ కాలేదు. అయినా నాకు ధైర్యం వచ్చింది.

నిజం_ముందు:
పంతులమ్మ గారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను దెబ్బ తిన్న వైపు మనిషిని, వేరే చోట. మా దగ్గరా పెద్దలు వచ్చి "జరిగిందేదో జరిగింది, చేతులు కలపండి" అన్నారు. ఫొటో దిగారు. మా అన్నయ్యను కొట్టినవాడు పక్కనే నిలబడి నవ్వాడు. ఆ ఫొటో ఇప్పటికీ చూడలేను. అది శాంతి కాదు, మమ్మల్ని రెండోసారి కొట్టడం.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ 1996లో విచారణలు మొదలుపెట్టింది. ఆ పాలన రోజుల్లో నేరాలు చేసినవాళ్ళకు క్షమాభిక్ష కావాలంటే చేసింది మొత్తం బయటికి చెప్పాలి. ఏడు వేలకు పైగా అర్జీలు వస్తే 849 మందికే ఇచ్చారు. బాధితులకు రావాల్సిన పరిహారం సరిగా అందలేదన్న కోపం అక్కడ ఇంకా ఉంది. అయినా కనీసం నిజం ముందు, క్షమ తర్వాత అన్న వరస పెట్టారు. కార్యదర్శి గారూ, ఆ తండ్రి కేసు పెట్టి ఉంటే, వెనక్కి తీసుకోమని మాత్రం ఆయన్ని అడగొద్దు. కేసు దారి కేసుది, మాటల దారి మాటలది.

పాత_పంతులమ్మ:
మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. నేనా మాట ముందే రాయాల్సింది. మీ అన్నయ్యకు జరిగినదానికి, ఆ తర్వాత మీకు జరిగినదానికి, నా మనసు బాధపడింది.

రాత్రి_కాపలా:
వీడియో గురించి రెండు మాటలు. 1984లో భివండీలో ఘోరమైన అల్లర్లు జరిగాయి. తర్వాత అక్కడ ఒక పోలీసు అధికారి పేటపేటకీ రెండు మతాల వాళ్ళతో మొహల్లా కమిటీలు వేయించారు. గొడవ లేని రోజుల్లో కూడా కూర్చునేవాళ్ళు. 1992–93లో పక్కనే బొంబాయి తగలబడుతుంటే భివండీ నిలబడింది. పుకారు వచ్చిన రాత్రి అవతలి వైపు ఫోన్ చేసి "ఇది నిజమా" అని అడగడానికి ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు ప్రశాంతంగా ఉన్నప్పుడే సంపాదించుకోవాలి. మీ నలుగురూ నలుగురూ ముందు ఆ పని చేయండి.

ఇంకొకటి, తొందరపడకండి. నైజీరియాలోని కడూనాలో పాస్టర్ జేమ్స్ వూయే, ఇమామ్ మహమ్మద్ అషాఫా ఒకప్పుడు ఎదురెదురు ముఠాల్లో ఉన్నవాళ్ళు. 1992 గొడవల్లో ఒకాయన చెయ్యి పోయింది, ఇంకొకాయన గురువునూ బంధువులనూ పోగొట్టుకున్నాడు. 1995 నుంచి కలిసి పనిచేస్తున్నారు. కలిసి పని మొదలుపెట్టాక కూడా పాత పగ వెంటనే పోలేదని వాళ్ళే చెప్పుకున్నారు.

కాలనీ_కార్యదర్శి:
అందరికీ కృతజ్ఞతలు. ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. పదిహేడు ఇళ్ళకు వెళ్ళాను. మూడు ఇళ్ళలో తలుపు తీయలేదు. కుర్రాడి తండ్రి దగ్గరికి వెళ్ళి "మీ అబ్బాయికి జరిగింది తప్పు. మొదటి మీటింగ్‌లో నేనది అనలేదు, అది నా తప్పు. కేసు మీ ఇష్టం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, లోపలికి వచ్చి కూర్చోమన్నారు. అవతలి వైపు ఒకావిడ మాత్రం వింత ప్రశ్న అడిగింది: "ఆ బాబుకి కుట్లు విప్పారా? మచ్చ పడిందా?" అప్పటి నుంచీ అడగాలనుకుంటోందట, ఎవరిని అడగాలో తెలియలేదట.

ఆ ప్రశ్న ఆ తండ్రికి చెప్పొచ్చా అని ఆవిడనే అడిగాను. ఒక రోజు ఆలోచించుకుని సరేనంది. రేపు సాయంత్రం వెళ్ళి చెబుతున్నాను. నలుగురూ నలుగురి మీటింగ్‌కి ఇంకా తేదీ పెట్టలేదు.

పాత_పంతులమ్మ:
పెట్టకండి. రేపు ఆయనకు ఆ ప్రశ్న ఆవిడ అడిగినట్టే, అవే మాటల్లో చెప్పండి. మీ వ్యాఖ్యానం ఏమీ కలపొద్దు. ఆయన ఏమన్నారో వచ్చి ఇక్కడ రాయండి, చూస్తుంటాను.