దహనం జరిగిన చోటును ‘సమాధి’ అనవచ్చునా?

పోయిన నెలలో అమ్మను వెంటబెట్టుకొని పుణేలోని ఆగాఖాన్ ప్యాలెస్ చూసి విశాఖపట్నం తిరిగి వచ్చినప్పటి నుండి ఒక మాట నన్ను వదలడం లేదు. 1892లో మూడవ ఆగాఖాన్ కట్టించిన ఆ భవనంలోనే, క్విట్ ఇండియా పిలుపు తరువాత గాంధీజీని, కస్తూర్బాను, గాంధీజీ కార్యదర్శి మహాదేవ్ దేశాయిని, సరోజినీ నాయుడును నిర్బంధించారు. దేశాయి 1942 ఆగస్టు 15న, కస్తూర్బా 1944 ఫిబ్రవరి 22న అక్కడే కన్నుమూశారు. ఇద్దరికీ ఆ ఆవరణలోనే దహనసంస్కారం జరిగింది. గదులన్నీ చూసుకొని తోటలోకి వచ్చి, సమాధుల ముందు చెప్పులు విడిచి చేతులు జోడించిన అమ్మ నెమ్మదిగా అడిగింది: “దహనం చేసినోళ్ళకి సమాధేటిరా?”

ఆ సందేహం న్యాయమైనది. మన వైపు సమాధి అంటే పూడ్చిన చోటే. భీమిలిలో డచ్చివారివి సమాధులు, వీరబ్రహ్మేంద్రస్వామిది జీవసమాధి. దహనమైన తాతగారి అస్థికలను మేము నీటిలో కలిపామే తప్ప ఆయనకు సమాధి కట్టలేదు. ‘ఆ ఫైలును సమాధి చేశారు’ అన్నా మట్టి కప్పిన భావమే. మరాఠీ వాడుక వేరు. రాయగఢ్‌లో శివాజీకి దహనం జరిగిన చోట ఉన్న కట్టడాన్ని అక్కడివారు సమాధి అనే అంటారు.

మాట మూలానికి వెళితే వారి వాడుకలో తప్పేమీ కనబడదు. ‘ధా’ ధాతువుకు ఉంచడమని అర్థం. ‘సమ్’, ‘ఆ’ ఉపసర్గలు చేరితే చెదిరినదానిని ఒక్కచోట కూర్చి నిలపడం. చిత్తాన్ని అలా నిలిపితే యోగంలో ఎనిమిదవ అంగమైన సమాధి, సందేహాన్ని అలా కుదుటపరిస్తే సమాధానం. తెలుగు క్రైస్తవులు శాంతి అనే అర్థంలో పలికే ‘సమాధానం’ కూడా ఇదే మాట. (ఈ చుట్టరికం తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.) యోగులను కూర్చున్న భంగిమలోనే భూస్థాపితం చేసే ఆచారం వల్లనే పూడ్చిన చోటు అనే అర్థం తరువాత స్థిరపడిందని నా అభిప్రాయం.

ఒక సభ్యుని స్పందన:
మాస్టారూ, వివరణ బాగున్నది. అయితే చదివేవారు పొరబడకుండా ‘స్మారకం’ అనో, హైదరాబాదులో ఎన్టీఆర్ ఘాట్ అన్నట్లు ‘ఘాట్’ అనో వ్రాస్తే సరిపోదా?

నా జవాబు:
సరిపోదనే అనుకుంటున్నానండీ. 1969లో నాలుగవ ఆగాఖాన్ దేశానికి అప్పగించిన ఆ భవనమంతా స్మారకమే. అందులో చితి వెలిగిన చోటును వేరు చేసి చెప్పడానికి మరొక మాట కావాలి. ఇక ఘాట్ అంటే సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కే మనకు కొండదారే ముందు తోస్తుంది. దేశాయి పోయిన తరువాత గాంధీజీ ప్రతిదినం ఆ చోటికి నడిచి వెళ్ళి పూలు ఉంచేవారు; అటువంటి చోటుకు, ‘ఉంచడం’ అనే ధాతువు నుండి పుట్టిన సమాధి శబ్దమే తగినదని నా మనస్సుకు తోస్తున్నది. దహనం జరిగిన చోట కట్టే అరుగుకు శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో వేరే పేరేదైనా వాడుకలో ఉంటే పెద్దలు దయచేసి తెలుపగలరు.